మా ఇంటికొచ్చిన జ్వరం సంగతి ఊరికి చెప్పాలా?

ప్రశ్న

కృష్ణా డెల్టాలోని ఒక పల్లె నుంచి వచ్చిన ఉత్తరం ఇది. పేరు, ఊరు బయటపెట్టొద్దని కోరారు కాబట్టి కాస్త కుదించి ఇస్తున్నాను.

రాసినావిడకు ముప్ఫై ఆరేళ్ళు. ఇంట్లో భర్త, అత్తగారు, ఇద్దరు పిల్లలు. సొంత చేను ఎకరంన్నర, కౌలుకు చేసేది నాలుగెకరాలు. ఇంటి వెనక పాకలో మూడు గేదెలు. పాలకేంద్రంలో పోసే పాలడబ్బులతోనే ఇల్లు గడుస్తుంది, ఆ లెక్కంతా అత్తగారి చేతిలో ఉంటుంది. ఆగస్టులో గట్లు చెక్కేటప్పుడు భర్త కాలికి పార తగిలింది. ఆ దెబ్బతోనే దమ్ములోకి దిగారు, నాట్లు వేయించారు. తర్వాత కొద్దిరోజులకే చలిజ్వరం. తల పగిలిపోయే నొప్పి, పిక్కలు ముట్టుకోనివ్వనంత పీకు, కళ్ళు ఎర్రగా. ఊళ్ళో ఆర్‌ఎంపీ రక్తపరీక్ష చేయించి టైఫాయిడ్ అన్నాడు. సెలైన్లు, ఇంజెక్షన్లు నడిచాయి. ఐదో రోజుకి కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లని అత్తగారు పక్క ఊరు తీసుకెళ్ళి పసరు పోయించి పథ్యం పెట్టారు. "నాకు మనసు ఒప్పలేదు. అయినా నోరు విప్పలేదు. ఆ రెండు రోజులూ తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు" అని రాశారు. తర్వాత మూత్రం ఆగిపోయింది. విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాక లెప్టోస్పైరోసిస్ అని తేలింది. ఎలుక జ్వరం అంటారే, అది. నాలుగుసార్లు డయాలసిస్ చేశారు. మనిషి బతికి ఇంటికొచ్చాడు, అప్పు కూడా వెంటే వచ్చింది.

చిక్కులు ఆ తర్వాత మొదలయ్యాయి. మీ ఇంట్లో ఎలుకలున్నాయా, పశువులున్నాయా అని డాక్టరు అడిగారట. జూన్‌లో వీళ్ళ చూడి గేదె ఒకటి నెలలు నిండకుండానే ఈసుకుపోయింది. ఈ రెండూ కలిపి, హైదరాబాదులో ఉండే మరిది గేదెల్ని అమ్మేయమని, కౌలు వదిలేయమని పట్టుబడుతున్నాడు. ఆసుపత్రి బిల్లులో రెండు లక్షలు ఇచ్చింది అతనే. గేదెలు పోతే తన చేతిలో రూపాయి ఉండదని అత్తగారు ఏడుస్తున్నారు. ఆవిడే కొడుక్కి వరండాలో వేరే మంచం, వేరే కంచం పెట్టి పిల్లల్ని దగ్గరికి పోనివ్వడం లేదు. వచ్చే నెల ఆడపడుచు పురిటికి రావాలి. ఆమె అత్తవారికి ఏదో అనుమానం వచ్చి, పంపాలా వద్దా అంటున్నారు.

ఊరికి మాత్రం కామెర్లనే చెప్పారు. "ఎలుకల జబ్బని తెలిస్తే మన చేలోకి మనుషులు రారు, మన పాలు ఎవరూ పోయించుకోరు. నోరెత్తావంటే ఊరుకోను" అని భర్త గట్టిగా అన్నాడు. ఇప్పుడు, పదిరోజుల కింద వీళ్ళ చేలో కలుపు తీసిన ఒకామెకు నాలుగు రోజులుగా జ్వరం, కాళ్ళనొప్పులు. ఈవిడ ఆమెను అక్కా అని పిలుస్తుంది. ఆర్‌ఎంపీ వైరల్ అన్నాడట. "చెబితే ఇంట్లో గొడవ. చెప్పకపోతే ఆ అక్కకేమైనా అయితే నేను బతకలేను. ఏం చేయను?"

సమాధానం

అమ్మా, మీరు రాసిన వాటిలో ఒక్కటి ఆగేది కాదు. అందుకే ఈ జవాబు అచ్చయ్యేదాకా చూడకుండా, ఆ అక్కను వెంటనే పీహెచ్‌సీకి చేర్చమని మీకు విడిగా రాశాను. ఇక్కడ మళ్ళీ చెప్పేది ఇలాంటి ఇబ్బందిలోనే ఉన్న మరో ఇంటివాళ్ళు చదువుతారని.

నీళ్ళచేలో పనిచేసిన మనిషికి రెండు వారాల్లోపు జ్వరం వచ్చి, పిక్కలూ నడుమూ విపరీతంగా పీకుతూ, కలక లేకుండా, పుసి లేకుండా కళ్ళు ఎర్రబడితే లెప్టోస్పైరోసిస్‌ని అనుమానించాలి. మామూలుగా ఐదు నుంచి పద్నాలుగు రోజుల్లో బయటపడుతుంది, ఒక్కోసారి నెలదాకా పట్టొచ్చు. పదిరోజుల కింద కలుపు తీసిన మనిషికి నాలుగు రోజులుగా జ్వరం అంటే, సుమారు ఆరు రోజులకు వచ్చినట్టు. అది ఇందులోకే వస్తుంది. అంతమాత్రాన ఆమెకు అదేనని కాదు. ఈ కాలంలో డెంగీ, మలేరియా, స్క్రబ్ టైఫస్ కూడా ఇలాగే మొదలవుతాయి. అయితే చూసే డాక్టరుకు "ఈమె కలుపు తీసిన చేలోనే పోయిన నెల ఒకరికి లెప్టో తేలింది" అన్న ఒక్క మాట తెలిస్తే వైద్యం దారే మారిపోతుంది. ఈ జబ్బులో డాక్టర్లు పరీక్ష ఫలితం కోసం కూర్చోరు, అనుమానంతోనే మందు మొదలుపెడతారు. తొలిరోజుల్లో చాలామందికి డాక్సీసైక్లిన్ మాత్రలు సరిపోతాయి. ముదిరితే పెన్సిలిన్, సెఫ్ట్రియాక్సోన్ లాంటివి నరానికి ఎక్కించాలి. మాత్రలతో పోయేదానికీ డయాలసిస్‌దాకా పోయేదానికీ మధ్య ఉన్నది కొద్దిరోజులే. అది మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఆ మాట మీరే ఊరంతా తిరిగి చెప్పక్కర్లేదు. తోడుగా వెళ్ళి డాక్టరు చెవిలో వేయొచ్చు. వెళ్ళే వీల్లేకపోతే సచివాలయం ఏఎన్‌ఎంకి ఫోనులో చెప్పొచ్చు. రోగి వివరాలు నలుగురిలో పెట్టకుండా ఉండడం వాళ్ళ పనిలో భాగం. రక్తపరీక్ష "లేదు" అని వచ్చినా ఊరుకోవద్దు. సాధారణంగా చేసే ఐజీఎం పరీక్ష (జబ్బును ఎదుర్కోడానికి ఒంట్లో పుట్టే ప్రతిరక్షకాలను వెతికేది)లో జ్వరం వచ్చిన ఐదారు రోజులదాకా జబ్బు బయటపడకపోవచ్చు, కొన్నాళ్ళకు మళ్ళీ చేస్తే తేలుతుంది. మూత్రం తగ్గినా, కళ్ళు పచ్చబడినా, ఆయాసం వచ్చినా, దగ్గితే రక్తపు చారలు పడినా పీహెచ్‌సీ దగ్గర ఆగకుండా డయాలసిస్, ఐసీయూ ఉన్న పెద్దాసుపత్రికి ఆ గంటలోనే తీసుకెళ్ళాలి. ఊపిరితిత్తుల్లో రక్తస్రావం మొదలైతే ఇది చాలా వేగంగా ప్రాణం తీస్తుంది.

ఇక మీకు నిద్ర పట్టనివ్వని ఆ రెండు రోజుల సంగతి. మిమ్మల్ని ఊరడించడానికని అబద్ధం చెప్పను. ఆ రెండు రోజులు ముందుగా వెళ్ళి ఉంటే మేలు జరిగి ఉండేదే. డయాలసిస్ తప్పేదా అంటే, ఒక మనిషి విషయంలో అలా తేల్చి చెప్పడం ఎవరి వల్లా కాదు. కానీ ఆలస్యం పసరుతో మొదలవలేదు. మొదట టైఫాయిడ్ అన్న దగ్గరే దారి తప్పింది. మన ఊళ్ళలో చేసే వైడాల్ పరీక్ష పాత జ్వరాలకూ వేరే జ్వరాలకూ కూడా పాజిటివ్ చూపిస్తుంది. ఆ ఒక్క కాగితాన్ని పట్టుకుని టైఫాయిడ్ అనేయడం, సెలైన్లతో మూడు రోజులు గడపడం ఎన్నో ఇళ్ళలో జరుగుతున్నదే.

అత్తగారి మీద కోపం పెట్టుకోకండి. పసరు మీద ఆవిడకున్న నమ్మకం ఊరికే వచ్చింది కాదు. వైరస్ వల్ల వచ్చే కామెర్లు చాలామందిలో విశ్రాంతితో వాటంతటవే తగ్గుతాయి. పసరు తాగినవాళ్ళు తేరుకోవడం ఆవిడ కళ్ళారా చూసి ఉంటారు. మీ ఆయనకు వచ్చినవి ఆ కామెర్లు కావు, అదీ తేడా. ఇంట్లో అందరికీ ఒక గుర్తు చెప్పి ఉంచండి. వైరస్ కామెర్లలో కళ్ళు పచ్చబడే వేళకు సాధారణంగా జ్వరం తగ్గుముఖం పడుతుంది. కళ్ళు పచ్చబడ్డాక కూడా జ్వరం, ఒళ్ళునొప్పులు అలాగే ఉంటే అది ఆసుపత్రి కేసు. "మీరు ఆలస్యం చేశారు" అని కాకుండా "ఈసారి ఈ గుర్తు చూద్దాం అత్తయ్యా" అంటే ఆవిడ వింటారు. కొడుకు ప్రాణం మీదికొచ్చిందన్న భయం మీకంటే ఆవిడకేం తక్కువ లేదు. ఆ వేరే మంచం, వేరే కంచం అందులోంచి వచ్చినవే.

ఆ కంచం మాత్రం ఈ రోజే లోపలికి తెచ్చేయండి. ఈ జబ్బు తుమ్ముతో, ఎంగిలితో, ఒకే మంచం మీద పడుకోవడంతో అంటుకునేది కాదు. మనిషి నుంచి మనిషికి రావడం చాలా అరుదు. కోలుకున్నవారి మూత్రంలో కొన్ని వారాలు సూక్ష్మజీవి ఉండొచ్చు గనక ఆయన మరుగుదొడ్డి వాడి, నీళ్ళు బాగా పోసి, చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలు. పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోనివ్వండి. చావు అంచుదాకా వెళ్ళొచ్చిన మనిషిని వరండాలో ఒంటరిగా పడుకోబెడితే, "నోరెత్తావంటే ఊరుకోను" లాంటి మాటలు కాక ఇంకేం వస్తాయి? ఇంట్లోనే తనను ఇలా చూస్తుంటే ఊరు ఎలా చూస్తుందో అని ఆయన లెక్క వేసుకుంటున్నారు.

ఇప్పుడు గేదెల సంగతి. మీ మరిది, మీ అత్తగారు ఇద్దరూ "ఎవరి వల్ల వచ్చింది" అన్న ప్రశ్న చుట్టూ తిరుగుతున్నారు. ఆ ప్రశ్నకు జవాబు దొరకదు. లెప్టోస్పైరా అనే ఈ మెలికల సూక్ష్మజీవిని 1915లో జపాన్‌లో ఇనాడా, ఇడో అనే శాస్త్రవేత్తలు బొగ్గుగని కార్మికుల జబ్బు వెనక కనిపెట్టారు. బురదలో, తడిలో పనిచేసేవాళ్ళ జబ్బుగానే ఇది లోకానికి తెలిసింది. ఎలుకలు, పందికొక్కులు, పశువులు, పందులు, కుక్కల మూత్రపిండాల్లో కాపురం పెట్టి, మూత్రంతో బయటికొస్తుంది. ఎలుక పైకి ఏ జబ్బూ లేకుండా తిరుగుతూనే నెలల తరబడి, ఒక్కోసారి బతికినంతకాలం వదులుతుంది. తడినేలలో, నిలవనీటిలో ఆ జీవి వారాలపాటు బతుకుతుంది. మన చర్మం మీది గాయాల్లోంచి, నీళ్ళలో నాని చిట్లిన వేళ్ళ సందుల్లోంచి, కంటి, నోటి, ముక్కు పొరల్లోంచి లోపలికి పోతుంది. పార తగిలిన కాలు ఆ బురదలో గంటలకొద్దీ నానింది. గట్టు మీద పందికొక్కుల బొరియలు, బోదెలో పైఊళ్ళ నుంచి వచ్చే నీళ్ళు, అందులో ఎవరెవరివో గేదెలు. ఎలుకల గురించి, పశువుల గురించి డాక్టర్లు ఈ జబ్బున్న ప్రతి ఇంటివాళ్ళనూ అడుగుతారు. దాన్ని మీ గేదెల మీద తీర్పుగా తీసుకోకండి.

అయితే గేదెల మీద అనుమానమే వద్దనడం లేదు. చూడి గేదె ఈసుకుపోవడానికి లెప్టో ఒక కారణం కావొచ్చు. అంతకంటే ముందు అడగాల్సింది బ్రూసెల్లోసిస్ గురించి, అంటే బ్రూసెల్లా అనే సూక్ష్మజీవితో పశువులకు వచ్చే జబ్బు గురించి. అది ఈసుకుపోయిన దూడను, మాయను వట్టి చేతులతో తీసినవాళ్ళకు, పచ్చిపాలు తాగినవాళ్ళకు అంటుకుంటుంది. జూన్‌లో ఆ పని ఎవరు చేశారో, వాళ్ళకు తర్వాత విడిచి విడిచి జ్వరం, కీళ్ళనొప్పులు వచ్చాయేమో ఒకసారి కనుక్కోండి. వచ్చి ఉంటే డాక్టరుకు బ్రూసెల్లా పేరు కూడా చెప్పాలి.

మీ ముందున్న దారుల్లో ఒకటి మరిది చెప్పినట్టు మూడింటినీ అమ్మేయడం. వారానికి వచ్చే పాలడబ్బు ఆగిపోతుంది, అత్తగారి కాళ్ళకింద నేల పోతుంది, అప్పు తీర్చే దారుల్లో ఒకటి మూసుకుపోతుంది. చేలో ఎలుకలు, బోదెలో నీళ్ళు ఎక్కడివక్కడే ఉంటాయి, అంటే ప్రమాదంలో పెద్ద భాగం తగ్గదు. పైగా ఈసుకుపోయిన సంగతి దాచి సంతలో అమ్మితే ఆ కష్టం ఇంకో ఇంటికి పోతుంది. అది మీ మనసు ఒప్పుకునే పని కాదని మీ ఉత్తరమే చెబుతోంది.

రెండోది పరీక్ష చేయించి నిర్ణయించుకోవడం. పశువైద్యశాలలో చెప్పి మూడు గేదెల రక్తం, లెప్టోకూ బ్రూసెల్లాకూ విడివిడిగా, జిల్లా పశువ్యాధి నిర్ధారణ ల్యాబుకు పంపమని అడగండి. లెప్టో పాజిటివ్ వస్తే కంగారుపడొద్దు. ఎప్పుడో సోకి పోయినా రక్తంలో ఆ గుర్తు ఉంటుంది. మూత్రంలో వదలడం తగ్గించే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లున్నాయి, పశువైద్యుడు చేస్తారు. ఆ మందు వాడిన రోజుల్లో ఎన్నాళ్ళు పాలు పోయకూడదో ఆయన్నే అడగండి. బ్రూసెల్లా తేలితే అది వేరే కథ. దానికి పశువుల్లో నమ్మదగ్గ వైద్యం లేదు, ఆ గేదెను మిగతావాటి నుంచి విడదీయాల్సి వస్తుంది. నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యదూడలకు ప్రభుత్వం వేసే బ్రూసెల్లా టీకా ఇకముందైనా తప్పకుండా వేయించండి.

మూడోది, పరీక్ష ఏం చెప్పినా ముందు పాకను మార్చుకోవడం. ఇది మిగతా రెండింటితో కలిపి చేయొచ్చు. మూత్రం నిలవకుండా పాక నేల వాలుగా, గట్టిగా ఉండాలి, కాలవ ఇంటివైపు కాకుండా ఎరువుగుంట వైపు పోవాలి. దాణా మూతబెట్టిన డ్రమ్ములో ఉండాలి. గాడిలో మిగిలిన తవుడు, కుడితి రాత్రంతా అలాగే ఉంటే ఎలుకలకు అదే విందు. పేడకళ్ళు తీసేవాళ్ళు వట్టికాళ్ళతో కాకుండా రబ్బరు బూట్లతో దిగాలి. పాకలో బూట్లు నడుస్తాయి, అభ్యంతరం చెప్పడానికేం లేదు. ఎండ, పొడి ఈ సూక్ష్మజీవికి శత్రువులు. తడి ఆరిన పాకలో అది బతకలేదు, బ్లీచింగు ద్రావణానికీ నిలవదు.

నన్నడిగితే రెండూ మూడూ కలిపి చేసి, ఫలితాలు వచ్చాక మరిదిని పిలిచి మాట్లాడడమే మంచిది. రెండు లక్షలిచ్చిన మనిషి మాటకు విలువ ఇవ్వాలి. అన్నయ్యకు మళ్ళీ ఇలా కాకూడదన్న భయంతోనే అతను అంటున్నాడు. "ఇదిగో పరీక్షలు, ఇదిగో మేం మార్చినవి" అని చూపిస్తే భయం తగ్గుతుంది. కౌలు విషయం ఇప్పుడే తేల్చక్కర్లేదు. పంట చేలో ఉంది, ఇప్పుడు వదిలితే పెట్టుబడంతా పోతుంది. అది వచ్చే ఏరువాక ముందు, మీ ఆయన ఒంట్లో సత్తువ చూసుకుని తీసుకోవాల్సిన నిర్ణయం.

చేలో పని గురించి డాక్టర్లు రాసే సలహాలు చాలా పుస్తకాల్లోనే ఉండిపోతాయి. గమ్‌బూట్లు వేసుకోండి అంటారు. దమ్ముచేసిన మడిలో బూటు దిగబడి కాలు ఒక్కటే పైకొస్తుంది. నాటేసే ఆడమనిషి వాటితో వెనక్కి అడుగు వేయలేదు. అది తెలియకుండా చెప్పే సలహా ఎవరికీ పనికిరాదు. వీలైనవి చెబుతాను. కాలికి, చేతికి కోత ఉన్నవాళ్ళు అది మానేదాకా నీళ్ళచేలో దిగకుండా ఉండడం మేలు. తప్పకపోతే నీళ్ళు చొరబడని ప్లాస్టరు వేసుకుని దిగాలి. పని అవగానే బోదెలో కాళ్ళు కడుక్కుని అన్నం తినడానికి కూర్చోకూడదు. బోరునీళ్ళు ఒక డ్రమ్ము, సబ్బు గట్టు మీద పెట్టించండి. ఆ ఖర్చు మీది, పదిమందికి పనికొస్తుంది. గట్టు చెక్కేటప్పుడు, మందు కొట్టేటప్పుడు నీళ్ళు తక్కువుంటే బూట్లు వేసుకోవచ్చు. ఎలుకల్ని ఒక్క చేలో చంపితే పక్క చేల నుంచి మళ్ళీ వస్తాయి. అందుకే వ్యవసాయశాఖ వాళ్ళు చేయించే సామూహిక ఎలుకల నివారణలో ఊరంతా ఒకేసారి మందు పెట్టాలి. బుట్టలు పెట్టి ఎలుకలు పట్టే యానాదుల్ని పిలిస్తే వాళ్ళకు చేతితొడుగులు కొనివ్వండి. ఈ జబ్బు ముప్పు అందరికంటే వాళ్ళకే ఎక్కువ.

వారానికోసారి 200 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ ముందుజాగ్రత్తగా వేసుకునే పద్ధతి ఉంది. కేరళలో 2018 వరదల తర్వాత ఈ జ్వరాలు పెరిగినప్పుడు, బురద ఎత్తేవాళ్ళకు, సహాయానికి దిగినవాళ్ళకు అక్కడి ఆరోగ్యశాఖ ఈ మాత్రలు పంచింది. ఇది నూటికి నూరు కాపాడదు, ఏడాది పొడవునా వేసుకునేదీ కాదు. ముప్పు ఎక్కువున్న ఆ కొద్ది వారాలకే. గర్భిణులకు, చిన్నపిల్లలకు ఇవ్వరు. మీ కూలీలకు అవసరమా కాదా అన్నది పీహెచ్‌సీ డాక్టరు తేల్చాలి. మందులషాపులో కొని పంచొద్దు. మనుషులకు మన దగ్గర వాడుకలో ఉన్న టీకా ఏదీ లేదు.

మీ ఆయన విషయానికొస్తే, ఒక శుభవార్త చెప్పాలి. ఈ జబ్బులో దెబ్బతిన్న మూత్రపిండాలు చాలామందిలో తిరిగి కోలుకుంటాయి. డయాలసిస్ జీవితాంతం ఉంటుందన్న భయం ఆయనకుంటే తీసేయండి. కానీ క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), మూత్రపరీక్షలు డాక్టరు చెప్పిన తేదీల్లో తప్పకుండా చేయించాలి. నీరసం వారాలు, ఒక్కోసారి నెలలు ఉంటుంది. అది సోమరితనం కాదని ఇంట్లోవాళ్ళకు తెలియాలి. ఒళ్ళునొప్పులని ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫినాక్ ఇంజెక్షన్లు చేయించుకోనివ్వొద్దు, కోలుకుంటున్న కిడ్నీకి అవి ప్రమాదం. కొన్ని నెలల తర్వాతైనా కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేక, చూపు మసకబారితే కలకని చుక్కలమందు వేసి ఊరుకోకండి. ఈ జబ్బు తర్వాత కంటి లోపల వాపు రావడం ఉంది, కంటిడాక్టరుకు లెప్టో వచ్చిందని చెప్పి చూపించాలి. ఒకసారి వచ్చింది గదా, ఇక రాదు అనుకోవద్దు. ఈ సూక్ష్మజీవిలో రెండొందలకు పైగా రకాలున్నాయి, ఒకదానికి వచ్చిన రక్షణ ఇంకొకదానికి చాలదు. కోతల ముందు మినుములు చల్లే పని ఈసారికి మనిషిని పెట్టి చేయించండి.

ఇక అసలు ప్రశ్న, చెప్పడమా మానడమా. ఆయన భయాన్ని తీసిపారేయొద్దు, కానీ ఒక్కొక్కటిగా చూడండి. పాలు పోయించుకోరంటున్నారు. పాల ద్వారా మనుషులకు లెప్టో రావడం చాలా అరుదు. కాచినా, డెయిరీలో పాశ్చరైజ్ చేసినా ఆ సూక్ష్మజీవి చచ్చిపోతుంది. ఈ ముక్క కేంద్రం నడిపే మనిషికి పశువైద్యుడి చేత చెప్పిస్తే సరిపోతుంది. బ్రూసెల్లా ఫలితం వచ్చేదాకా ఇంట్లో మీరూ పచ్చిపాలు ముట్టొద్దు. కూలీలు రారంటున్నారు. కొన్ని రోజులు కొందరు వెనకాడొచ్చు, నిజమే. కానీ ఆ నీళ్ళు, ఆ ఎలుకలు మీ ఒక్క చేలోవి కావని వాళ్ళకు మీకంటే బాగా తెలుసు. దాచిన చేలో మరో మనిషి పడిపోయి, ఆ ఆసుపత్రిలో అసలు జబ్బు పేరు బయటపడితే అప్పుడు వచ్చే కోపం వేరు. "మీకు ముందే తెలుసు కదా" అన్న మాటకు మీ దగ్గర జవాబుండదు.

1988 నుంచి ఉత్తర అండమాన్‌లో దిగ్లిపూర్ వైపు వానలు తగ్గాక అంతుచిక్కని జ్వరం వచ్చేది. కొందరు దగ్గుతో రక్తం కక్కుకుని పోయేవారు. అది లెప్టోస్పైరోసిస్ అని పోర్ట్ బ్లెయిర్‌లోని పరిశోధకులు తేల్చేసరికి 1990ల నడిమికి వచ్చేశాం. పేరు తెలియక వాళ్ళు అన్నేళ్ళు పోగొట్టుకున్నారు. మీ ఊరి వాళ్ళకు పేరు తెలిసే అవకాశం మీ చేతిలో ఉంది.

చెప్పడంలో కూడా మెట్లున్నాయి. మీరేమీ చెప్పకపోయినా, లెప్టో తేలితే ఆసుపత్రులు వ్యాధి నిఘా విభాగానికి తెలపాలి. ఆ సమాచారం మీ పీహెచ్‌సీకి చేరిందో లేదో ఏఎన్‌ఎంని అడగండి. చేరి ఉంటే ఆమె తన విధిగా వచ్చి, మీ ఇంటి పేరు ఎత్తకుండానే వీధిలో జ్వరాల సర్వే చేయొచ్చు, కూలీల గుంపుకు జాగ్రత్తలు చెప్పొచ్చు. మీ ఆయన మాట వట్టి కోపం కాదు, నిజంగానే చేయి చేసుకుంటారన్న భయం మీకుంటే ఈ దారే పట్టండి, మీరు మధ్యలో నిలబడొద్దు. చిన్న ఊళ్ళో పేరు చెప్పకపోయినా కొందరికి అర్థమవుతుందన్నది దీనిలో ఉన్న ఇబ్బంది. రెండో మెట్టు, మీ చేలో పనిచేసే మేస్త్రీకి, ఆ గుంపులోని ఆడవాళ్ళకు మాత్రం చెప్పడం. మూడోది, మీ ఆయనే నలుగురిలో చెప్పడం. ఎక్కువ ఫలితం దీనికే. డయాలసిస్ అయి వచ్చిన రైతు "కాళ్ళు పీకి జ్వరమొస్తే ఆగకండిరా" అంటే ఊరు వింటుంది. కానీ అది ఆయన జబ్బు, ఆయన నోటితో రావాల్సిన మాట. తొందరపెట్టొద్దు. ముందు కంచం, మంచం లోపలికి రానివ్వండి, రెండు రోజులు పిల్లలతో గడపనివ్వండి, అప్పుడు అడగండి.

జ్వరంతో ఉన్న ఆ అక్క విషయం మాత్రం ఈ మెట్లలోకి రాదు. దానికి ఆయన ఒప్పుదల కోసం ఆగక్కర్లేదు. తర్వాత తెలిసి కోప్పడితే, "మీకు పట్టిన గతి ఆమెకు పట్టకూడదని చెప్పాను" అనండి.

ఆడపడుచు పురుడు మిగిలింది. అన్నయ్యను చూసి భయపడి ఆమె రావడం మానక్కర్లేదు. ఆయన వల్ల ఆమెకు ప్రమాదం లేదు. అయితే గర్భిణికి ఈ జబ్బు సోకితే కడుపులో బిడ్డకు కూడా ముప్పు. కాబట్టి పాక బాగు చేసి, గేదెల పరీక్షలు వచ్చాక తీసుకురావడం ఒక పద్ధతి. కాన్పు తేదీ దగ్గరపడి అంత వ్యవధి లేకపోతే వాళ్ళ అత్తవారింట్లోనో, ఆసుపత్రికి దగ్గర్లో ఉన్న చుట్టాలింట్లోనో పురుడు పోసి, మీ అత్తగారు వెళ్ళి ఉండడం ఇంకొకటి. పుట్టింటి ముచ్చట తీరలేదని ఆవిడ బాధపడొచ్చు, గేదెల పని మీ ఒక్కరి మీద పడుతుంది. అది ఆలోచించుకోండి. మీ ఇంటికే తెస్తే ఆమె పాకవైపు పోకూడదు, పచ్చిపాలు తాగకూడదు, వానలో పెరట్లో వట్టికాళ్ళతో తిరగకూడదు. వాళ్ళ అత్తవారికి కామెర్లని కాక అసలు జబ్బు పేరే చెప్పండి. ఆమెను చూసే గైనకాలజిస్టుకు కూడా చెప్పించండి. జ్వరమొస్తే మీ ఆయనకు మిగిలిన మాత్రలు ఆమెకు వేయొద్దు. గర్భిణులకు డాక్సీసైక్లిన్ పనికిరాదు, వాళ్ళకు వేరే యాంటీబయాటిక్‌లున్నాయి, అవి డాక్టరు రాయాలి.